శారదా చట్టానికి అందని యానాం పెళ్ళిళ్ళు

1930 ఏప్రిల్ 1న శారదా చట్టం అమల్లోకి వచ్చింది. 14 ఏళ్ళు నిండని ఆడపిల్లకు, 18 నిండని మగపిల్లవాడికి పెళ్ళి చేస్తే నెల రోజుల వరకు జైలు, వెయ్యి రూపాయల వరకు జరిమానా. గోదావరి జిల్లాల పెద్దలకు తప్పించుకునే దారి పక్కనే ఉంది. గౌతమి ఒడ్డున ఫ్రెంచివారి ఏలుబడిలో ఉన్న యానాంలో ఆ చట్టం చెల్లదు. పెళ్ళివారు అటు తరలారు. ఊరికి కల్యాణపురం అన్న పేరే పడింది.

ఈ నేరానికి ఫిర్యాదుదారు దొరకడు. కన్నవారు, వియ్యాలవారు, పురోహితుడు అంతా ఒక పక్షమే. నష్టపోయే పిల్లకు నోరు లేదు. ఇలాంటి నేరాన్ని పట్టించేది లెక్క ఒక్కటే.

ఆ లెక్క తెలుగునేల మీద అంతకు ముందే మొదలైంది. విజయనగరం మహారాజు ఆనందగజపతి విశాఖపట్నం జిల్లాలో మూడేళ్ళలో జరిగిన బ్రాహ్మణ శుల్క వివాహాల, అంటే పిల్లకు వెల కట్టి చేసిన పెళ్ళిళ్ళ, జాబితా రాయించారు. తేలినవి 1,034. పెళ్ళికూతుళ్ళలో ఐదేళ్ళవారు 99 మంది, నాలుగేళ్ళవారు 44, మూడేళ్ళవారు 36, రెండేళ్ళవారు ఆరుగురు, ఏడాది పసికందులు ముగ్గురు. ఆ పసికందుల వెల 350 నుంచి 400 రూపాయలు. 'కన్యాశుల్కం' తొలి ముద్రణ పీఠికలో గురజాడ ఇవన్నీ రాశారు. నాటకాన్ని మెచ్చుకునే మనం ఆ అంకెల దగ్గర ఆగం. ఆగాలి.

పెళ్ళి యానాంలో జరిగినా పిల్ల తిరిగొచ్చేది సొంతూరికే. పోలీసుకు దొరకని ఆ పెళ్ళి 1931 జనగణన పత్రంలో 'వివాహిత' అన్న గడిలోకి ఎక్కుతుంది. దేశంలో పదిహేనేళ్ళలోపు భార్యలు పదేళ్ళలో 85 లక్షల నుంచి కోటీ 20 లక్షలు దాటారు. ఐదేళ్ళలోపువారు రెండు లక్షల చిల్లర నుంచి ఎనిమిది లక్షలయ్యారు. చట్టం రాకముందే ముడివేసేయాలన్న తొందర అక్కడ బయటపడింది.

అలాంటి పెళ్ళిని పట్టాలంటే పిల్ల వయసు తేలాలి. ఇప్పుడు అందుకు మణికట్టు, మోచేతి ఎక్స్‌రేలున్నాయి. ఎముకల చివరలు అతుక్కున్న తీరు చూసి వైద్యులు అంచనా కడతారు. అది రెండేళ్ళు అటూ ఇటూ కావచ్చని 1982లోనే సుప్రీంకోర్టు అంది. పదహారేళ్ళ పిల్లను మేజర్ని చేయడానికి ఆ రెండేళ్ళు చాలు. అందుకే 2015 నాటి బాలల న్యాయ చట్టం ముందు బడి, పుట్టుక పత్రాలు చూడమంది, ఎముకల పరీక్షను చివరికి పెట్టింది.

2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 20-24 ఏళ్ళ స్త్రీలలో నూటికి 29 మందికి 18 నిండకముందే పెళ్ళయింది. పిల్ల పుట్టిన 21 రోజుల్లో పుట్టుక నమోదు చేయించండి. బాల్యవివాహం కబురు చెవిన పడితే 1098కి ఫోన్ చేయండి.