దీపాలదిన్నె రాళ్ళు ఎవరివి?

పాడుపడిన చోట దొరికిన విలువైన వస్తువు ఎవరిది? ఈ ప్రశ్నను పట్టించుకున్న రచయితలు మనలో తక్కువ. శిథిలాలను చూసి కన్నీళ్ళు పెట్టుకున్న కవులు మాత్రం చాలామంది ఉన్నారు. ఆ కన్నీళ్ళతో నాకు పేచీ లేదు. కాని ఏ కట్టడమూ ఒక్క కాలం దెబ్బకే శిథిలం కాదు. ఎవరో దాన్ని వదిలేస్తారు, ఎవరో వచ్చి పట్టుకుపోతారు. ఈ రెంటి నడుమ జరిగినదేమిటో తేల్చకుండా కాలాన్ని నిందించి ఊరుకోవడం చరిత్ర అనిపించుకోదు. ఇందుకు అమరావతి స్తూపం కథకంటే తగిన ఉదాహరణ నాకు కనిపించలేదు.

ముందు 'పాడుపడింది' అన్న మాట సంగతి చూద్దాం. ధాన్యకటకంలోని మహాచైత్యం శాతవాహనుల తర్వాత ఎవరికీ పట్టకుండా పోయిందని పాఠ్యపుస్తకాలు చదివినవాళ్ళు అనుకుంటారు. కాని 1182లో కోట కేతరాజు అక్కడి బుద్ధదేవుడికి భూములూ అఖండదీపాలూ ఇచ్చినట్టు అమరేశ్వరాలయంలోని శాసనమే చెబుతోంది. 1344 నాటి సింహళ శాసనం ఒకటి, గడలాదెనియలోనిది, ధర్మకీర్తి అనే భిక్షువు ధాన్యకటకంలో ఒక ప్రతిమాగృహాన్ని బాగుచేయించాడని చెబుతోంది. అంటే పధ్నాలుగో శతాబ్దందాకా సముద్రం దాటివచ్చిన వాళ్ళకు కూడా అది బతికున్న చోటే. పద్ధెనిమిదో శతాబ్దం చివరికి అది ఒక మట్టిదిబ్బ, పేరు దీపాలదిన్నె. జనం బుద్ధుణ్ణి మరిచిపోయారు, దీపాలను మరవలేదు.

ఈ పేరు గౌరవప్రదమైనది. అన్ని దిబ్బలకూ అంత అదృష్టం పట్టలేదు. భట్టిప్రోలు స్తూపం దిబ్బను లంజదిబ్బ అన్నారు. బౌద్ధం మీద గెలిచినవాళ్ళు పెట్టిన పేరో, ఊరి నోట పుట్టిన పేరో, దాని పని అది చేసింది. చెడ్డపేరు పడ్డ చోట తవ్వుకోవడానికి ఎవరికీ చేయి వణకదు. 1892లో అలెగ్జాండర్ రే అక్కడ తవ్వి శాసనాలున్న ధాతుపేటికలను బయటికి తీసేనాటికే స్తూపం ఇటుకలు రోడ్డు కిందికి పోయాయి. వాటిని పోయించింది పామరజనం కాదు, సర్కారు పనివాళ్ళే.

అమరావతికి వద్దాం. వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు చింతపల్లి విడిచి 1790ల నడిమిలో అమరేశ్వరాలయం చుట్టూ కొత్త పట్నం కట్టడానికి పూనుకున్నాడు. చెంచులను ఊచకోత కోయించిన పాపానికి ప్రాయశ్చిత్తంగా గుళ్ళు కట్టించాడని ఆ వైపు జనం చెప్పుకునే కథ అందరికీ తెలిసిందే. పట్నానికి ఇటుకా రాయీ కావాలి, పక్కనే దిబ్బ ఉంది. తవ్వించాడు. నిధి ఉందన్న ఆశ కూడా ఉండింది. నిధి దొరకలేదు. దొరికిన చెక్కడపు రాళ్ళు శివగంగ చెరువు మెట్లకూ గోడలకూ పోయాయి. చివరికి దిబ్బ నడిమి గుంటను కోనేరు చేయాలన్న ఆలోచన కూడా వచ్చింది. పాపపరిహారం కోసం కట్టే ఊరికి మరొకరి పుణ్యాన్ని పునాదిరాళ్ళుగా వాడుకోవడంలో ఆ ప్రభువుకు తప్పేమీ తోచలేదు. తోచకపోవడానికి కారణం ఆయన స్వభావం కాదు, ఆయన వెనక ఉన్న న్యాయం.

ఆ న్యాయం పాతది. అర్థశాస్త్రం నిధిని చూపించినవాడికి ఆరోవంతు ఇమ్మంది, వాడు కూలివాడైతే పన్నెండో వంతు చాలంది, లక్ష దాటితే రాజుదే అంది. మనుస్మృతి ప్రకారం విద్వాంసుడైన బ్రాహ్మణుడికి దొరికితే అంతా ఆయనదే, రాజుకు దొరికితే సగం బ్రాహ్మణులకు. మన దానశాసనాలు చదివే విద్యార్థులకు 'నిధి నిక్షేప జల పాషాణ' అని మొదలయ్యే అష్టభోగాల వరుస కంఠతా వచ్చే ఉంటుంది. దాన్ని అలంకారంలా చదివి దాటిపోతాం. అది అలంకారం కాదు, దస్తావేజు. భూమిలో ఉన్న నిధితోపాటు రాయిని కూడా గ్రహీతకు రాసి ఇచ్చారు. నాగలి పట్టినవాడికి ఏమి దొరికినా, అది దొరక్కముందే మరొకరిది.

కర్నల్ కాలిన్ మెకంజీ 1797-98 ప్రాంతంలో ఇక్కడికి వచ్చి చూశాడు. తిరిగి 1816లో, సర్వేయర్ జనరల్ హోదాలో, చిత్రకారులను వెంటపెట్టుకుని వచ్చాడు. ఈ రెండు రాకల మధ్య ఎంతో పోయింది. మిగిలినదాన్ని కొలిచి, బొమ్మలు గీయించాడు. నేడు స్తూపం ఎలా ఉండేదో ఊహించగలుగుతున్నామంటే చాలావరకు ఆ బొమ్మల చలవే. తీసుకోవడంలో ఇదీ ఒక రకం. రాయిని ఉన్నచోటే ఉంచి దాని రూపాన్ని పట్టుకుపోవడం. (మెకంజీ కూడా కొన్ని రాళ్ళు తరలించాడు, అది వేరే సంగతి.)

ఆయన తర్వాత వచ్చిన దొరలకు ఆ ఓపిక లేదు. రాబర్ట్‌సన్ అనే అధికారి కొన్ని శిల్పాలను బందరు తెప్పించి, తన పేరుతో వెలసిన పేట సంతబజారులో ఒక దిబ్బ పోయించి దానిమీద అలంకారంగా నిలబెట్టాడు. జమీందారు చెరువు మెట్లకు వాడితే అజ్ఞానమట, దొర బజారుకు సింగారంగా పెడితే అభిరుచి అట! 1845లో వాల్టర్ ఎలియట్ తవ్వించిన రాళ్ళు మద్రాసులో ఆరుబయట ఎండకూ వానకూ ఏళ్ళ తరబడి పడి ఉన్నాయి. 1859లో వందకు పైగా రాళ్ళను ఓడల మీద లండనుకు పంపారు. అక్కడేమైనా పీటవేశారా? ఫైఫ్ హౌస్ బండ్లకొట్టంలో పడేశారు. 1867 పారిస్ ప్రదర్శనకు ఫొటోలు వెతుకుతూ ఫెర్గుసన్ పండితుడు వాటిని అక్కడ కనిపెట్టాడు. 1880లో బ్రిటిష్ మ్యూజియంకు చేరాయి. పలనాటి సున్నపురాయికి చాలాకాలం 'ఎలియట్ మార్బుల్స్' అన్న పేరు నిలిచింది. తవ్వించినవాడి పేరు రాయికి ఇంటిపేరయింది.

1877లో సూయెల్ తవ్వాడు. 1880లో మద్రాసు గవర్నరు బకింగ్‌హాం ప్రభువు ఆజ్ఞతో స్తూపస్థలం మొత్తం మట్టి ఎత్తించారు. 1881 చివర బర్జెస్ వచ్చేసరికి అక్కడున్నది ఒక పెద్ద గుంట. మిగిలిన రాళ్ళను మద్రాసు చేర్చడమే మేలని ఆయన వాదన. శిల్పాలను పుట్టినచోటే కాపాడాలని ప్రభుత్వ పురాతన కట్టడాల అధికారి కోల్ వాదించాడు. కోల్ ఓడిపోయాడు. ఈ తగవును మన విమర్శకులు ఎవరైనా వివరంగా రాస్తే బాగుండును.

ఇక్కడ ఎదురయ్యే వాదన నాకు తెలుసు. లండనుకూ మద్రాసుకూ పోయినవి మిగిలాయి, ఊళ్ళో ఉన్నవి సున్నపుబట్టీలో కాలిపోయాయి. నిజమే. బొమ్మ చెక్కిన రాయికీ చెక్కని రాయికీ బట్టీలో తేడా లేదు. కాని ఆ బట్టీ పెట్టినవాడి సంగతి ఆలోచించండి. పాటిదిబ్బ తవ్వి పాటిమన్ను పొలానికి తోలుకోవడం, పాత ఇటుక తెచ్చి పొయ్యి కట్టుకోవడం మన పల్లెల్లో తరతరాలుగా ఉన్న పని. దాన్ని దొంగతనమని ఎవరూ అనుకోలేదు. వాడికి లిపి తెలియదు, తెలియజెప్పిన వాళ్ళు లేరు. తెలిసినవాళ్ళు రాయిని బండెక్కించారు గాని, అందులో ఏముందో ఆ ఊరికి చదివి వినిపించలేదు. కాపాడినవాడికి కృతజ్ఞత చెప్పవచ్చు. కాపాడినందువల్ల అది వాడి సొత్తయిపోదు.

రాళ్ళమీద ఏముంది? పేర్లున్నాయి. గృహపతులు, భిక్షుణులు, వర్తకులు, సుగంధద్రవ్యాలమ్మే గాంధికుడు. పూర్ణఘటం చెక్కిన ఒక పలకను తల్లి, భార్య, అన్నదమ్ములు, బిడ్డలతో కలిసి దానం చేసినవాడు విధికుడు. అతడు చర్మకారుడు, తోలుపని చేసేవాడు. ప్రాచీన సాహిత్యంలో చర్మకారుడి పేరు వెతకండి, ఎన్ని దొరుకుతాయో చూడండి. ఇక్కడ అతడే తన పేరు రాయించుకున్నాడు. పాడుపడ్డ చోట దొరికిన వస్తువుకు యజమాని లేడంటారే, ఈ వస్తువు మీద యజమాని పేరే ఉంది. దాన్ని ఎవరి చేతికి ఇచ్చాడో కూడా ఉంది. అతడు ఇచ్చింది జమీందారుకు కాదు, కంపెనీకీ కాదు, చైత్యానికి, అంటే అక్కడికి వచ్చే అందరికీ. విధికుడి వాక్యం చదవడానికి వీలుంచి తీసుకున్నవాడికీ, చెరిపి తీసుకున్నవాడికీ మధ్యనే నేను గీత గీస్తాను. రాజు, దొర, రైతు అన్న తేడాతో కాదు.

సూయెల్ తవ్విన మరుసటి ఏడే, 1878లో, నిధినిక్షేపాల చట్టం వచ్చింది. పది రూపాయలు మించిన నిధి దొరికితే కలెక్టరుకు తెలియజేయాలి. హక్కుదారు లేకపోతే, వేరే ఒప్పందం కుదరనప్పుడు, కనుక్కున్నవాడికి మూడువంతులు, నేల ఆసామికి ఒకవంతు. కూలివాడికి పన్నెండో వంతు నుంచి ఇది పెద్ద ముందడుగే. కాని ప్రభుత్వం నిధిని తీసుకోదలిస్తే చెల్లించేది అందులోని పదార్థం ఖరీదూ, దానిమీద ఐదోవంతూ. బంగారు నాణెమైతే బంగారం ధర. ఈ లెక్కన విధికుడి పలక ధర ఎంత? సున్నపురాయి ధరకు ఐదోవంతు కలుపుకోండి. బట్టీవాడి తూకమూ చట్టం తూకమూ ఒకటే అయ్యాయి.

పదార్థం ధర చాలదని తెలిసినవాళ్ళు ఇప్పుడు వేరే ఉన్నారు. 1972 నాటి పురావస్తువుల చట్టం ఉండగానే ప్రకాశం జిల్లా చందవరం బౌద్ధశిల్పం ఒకటి దొంగల చేతుల మీదుగా న్యూయార్కు వర్తకులకు చేరింది. అక్కడినుంచి ఆస్ట్రేలియా జాతీయ కళాశాల 2005లో కొన్నది. అది దొంగసొత్తని తేలాక 2016లో మన దేశానికి తిరిగి ఇచ్చారు. బుద్ధుణ్ణి ఆరాధిస్తున్న మనుషుల బొమ్మ అది. చెక్కించినవాళ్ళు చందవరం గుట్టమీద నిలబెట్టిన రాయి అది.