ఓడలెక్కిన పింగాణీ

చైనా పింగాణీని సేకరించేవాళ్ళలో ఒక తేడా చాలాకాలంగా పాతుకుపోయి ఉంది. చక్రవర్తి కొలువు కోసం చేసినవి ఒక మెట్టు, విదేశాలకు అమ్మడానికి చేసినవి అంతకు కింది మెట్టు. మొదటివాటి అడుగున రాజముద్ర ఉంటుంది, వేలంలో ధర ఆకాశాన్నంటుతుంది. రెండోవాటిని ఎగుమతి సరుకు పేరుతో వేరే అరలో పెడతారు. ఈ విభజన ధర కట్టేవాళ్ళకు పనికొస్తుందేమో గాని చరిత్రకు సరిపోదు. చైనా పింగాణీ అనగానే మనకు తోచే రూపం, తెల్లటి పాత్ర మీద నీలి చిత్రం, పరదేశీయులు అడగడం వల్ల ఎదిగిన పని. ఎగుమతిని పక్కన పెట్టి ఈ వస్తువు పుట్టుపూర్వోత్తరాలు చెప్పడం కుదరదు.

1998లో ఇండోనేషియాలోని బెలితుంగ్ దీవి దగ్గర సముద్రగర్భంలో ఒక అరబ్బు తరహా ఓడ బయటపడింది. మేకులు లేకుండా చెక్కల్ని తాళ్ళతో కుట్టి కట్టిన ఓడ అది. అందులో 60,000 దాకా చైనా పాత్రలున్నాయి. ఒక గిన్నె మీద 826వ సంవత్సరపు తేదీ ఉంది. సరుకులో ఎక్కువ భాగం హునాన్‌లోని చాంగ్‌షా బట్టీల గిన్నెలు. అవి అసలైన పింగాణీ కావు, రాయిలా గట్టిపడేదాకా కాల్చిన మట్టిపాత్రలు. వాటిని పెద్ద జాడీల్లో ఒత్తుగా పేర్చి పంపారు. ఆ రాశిలో తెలుపు మీద నీలం గీసిన పళ్ళేలు మూడే మూడు దొరికాయి. చైనాలో తయారై పగలకుండా మనదాకా వచ్చిన ఆ రకం పాత్రల్లో ఇంతవరకూ తెలిసినవాటిలో అవే పాతవి. వాటి మీది ముగ్గులాంటి ఆకుల చట్రం ఆనాటి ఇరాక్ కుమ్మరుల పనిలోనూ కనిపిస్తుంది. అంటే మనకు తెలిసిన తొలి నీలం పళ్ళేలే పరదేశానికి వెళ్తూ మునిగినవి, మీది బొమ్మ సైతం ఆ దేశపు అభిరుచికి తగ్గది.

ఆ నీలం పని నిలదొక్కుకోవడానికి మరో ఐదు వందల ఏళ్ళు పట్టింది. 14వ శతాబ్దంలో, మంగోలుల పాలనలో, జియాంగ్‌షీలోని జింగ్‌దెజెన్ పట్టణం దాన్ని మళ్ళీ చేపట్టింది. చుట్టుపక్కల కొండల్లో దొరికే తెల్ల మన్నుకు పింగాణీ రాతి పొడిని కలిపి 1,300 డిగ్రీల దాకా కాలిస్తే గాజులా బిగిసి, వెలుతురు లోపలికి పారేంత పల్చటి పాత్ర వస్తుంది. ఆ మన్నూ రాయీ నైపుణ్యమూ చైనావే. నీలానికి వాడిన కోబాల్ట్ మాత్రం పర్షియా వైపు నుంచి వచ్చింది. ఆ దేశాల్లో పదిమంది ఒక్క పళ్ళెం చుట్టూ కూర్చుని తినే అలవాటుంది. జింగ్‌దెజెన్ అందుకు తగ్గట్టు మూరెడు వెడల్పున్న పళ్ళేలు చేసింది, అంగుళం కూడా ఖాళీ వదలకుండా లతలతో నింపింది. ఆనాటి చైనా పండితులకు ఇది నచ్చలేదు. 1388లో చావ్ ఝావ్ రాసిన ‘గెగు యావ్‌లున్’ అనే ప్రాచీన వస్తువుల గ్రంథం ఇలాంటి రంగు బొమ్మల పాత్రల్ని మోటు సరుకుగా తీసిపారేసింది.

నా ఈ వాదనకు బలమైన అభ్యంతరమే ఉంది. లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న డేవిడ్ కూజాల జంట మీద 1351వ సంవత్సరపు రాత ఉంది. వాటిని ఒక భక్తుడు చైనాలోనే తావో ఆలయానికి సమర్పించాడు. నీలం చిత్రం పరాయి గిరాకీ కోసమే అయితే అది సొంత ఊరి గుడిలోకి ఎలా చేరింది? ఈ సాక్ష్యాన్ని ఒప్పుకోవాల్సిందే. అప్పటికే ఆ కళకు సొంత గడ్డ మీదా ఆదరణ మొదలైంది. అయితే నా వాదన దీనితో వీగిపోదు. బయటి రంగు, బయటి గిరాకీ ఊపిరి పోసిన పనిని చైనా క్రమంగా తనదిగా చేసుకుందనే ఇది చెబుతోంది. తరువాతి మింగ్ చక్రవర్తులే దాన్ని తమ కొలువుకు తెచ్చుకున్నారు. మింగ్ చివరి రోజుల్లోనైతే రాజుగారి ఆర్డర్లను కూడా ప్రైవేటు బట్టీలకే అప్పగించారు. ఊరు ఒకటే, మన్ను ఒకటే, చాలాసార్లు చేతులూ అవే.

ఈ చరిత్ర లోకానికి తెలిసిన తీరు ఇంకా పెద్ద సాక్ష్యం. 20వ శతాబ్దం మొదట్లో మంగోలు కాలపు నీలం పింగాణీని గుర్తుపట్టగలిగినవాళ్ళు దాదాపు లేరు. వాషింగ్టన్‌లోని ఫ్రియర్ గ్యాలరీకి చెందిన జాన్ అలెగ్జాండర్ పోప్ డేవిడ్ కూజాలను కొలబద్దగా పెట్టుకుని రెండు పెద్ద నిధుల్ని పరిశీలించాడు. ఒకటి ఇస్తాంబుల్‌లోని తోప్‌కాపీ రాజభవనానిది, అక్కడ 10,000కు పైగా చైనా పాత్రలున్నాయి. రెండోది ఇరాన్‌లోని అర్దబీల్ దర్గాది, 1611లో షా అబ్బాస్ వెయ్యికి పైగా పాత్రల్ని దానికి సమర్పించాడు. 1952లో, 1956లో పోప్ ప్రచురించిన ఆ పరిశీలనలతో ఏ పాత్ర ఏ కాలానిదో తేలింది. చైనా తన కళలో పోగొట్టుకున్న ఒక అధ్యాయం ఎగుమతి సరుకును భద్రంగా దాచుకున్న ఊళ్ళలో దొరికింది. ఇది తెలిశాక కూడా ఎగుమతి పాత్రను రెండో తరగతి అనడం నాకు అన్యాయమనిపిస్తుంది.

మన తీరమూ ఈ ఎగుమతి దారిలోదే. నెల్లూరు ప్రాంతపు కొత్తపట్నంలో, కాకతీయుల రేవు మోటుపల్లిలో చైనా పాత్రల పెంకులు దొరికాయి. దక్కను దర్బారుల్లో ఆకుపచ్చ సెలడాన్ పళ్ళెంలో విషం కలిస్తే పళ్ళెమే పట్టిస్తుందని నమ్మేవారు. హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో అలాంటి పాత్రల్ని చూడవచ్చు.

ఐరోపా వ్యాపారం మొదలయ్యాక అభ్యంతరం మరో రూపు తీసుకుంటుంది. 1603లో డచ్చివాళ్ళు శాంతా కాతరీనా అనే పోర్చుగీసు ఓడను పట్టుకుని మరుసటి ఏడు దాని సరుకును ఆమ్‌స్టర్‌డామ్‌లో వేలం వేశారు. ఒక్కసారిగా లక్ష దాకా పింగాణీ పాత్రలు మార్కెట్లోకి వచ్చాయి. ఆ మోజు ఎంతకు పోయిందంటే, 1717లో శాక్సనీ పాలకుడు అగస్టస్ 600 మంది సైనికుల్ని ప్రష్యా రాజుకిచ్చి 151 పాత్రలు తీసుకున్నాడు. డచ్చివాళ్ళు 1635లోనే తమ బల్లల మీద వాడే పాత్రల ఆకారంలో కొయ్య నమూనాలు చేయించి చైనాకు పంపారు. 18వ శతాబ్దంలో జింగ్‌దెజెన్ నుంచి బొమ్మలు లేని తెల్ల పాత్రలు కాంటన్ రేవుకు వచ్చేవి, ఇంగ్లీషు కుటుంబాలు పంపిన వంశచిహ్నాల్ని అక్కడి చిత్రకారులు వాటి మీద దించేవారు. పరాయివాడి బొమ్మను పరాయివాడి పళ్ళెం మీద గీయడంలో చైనా కళ ఏముందని అడిగేవాళ్ళున్నారు. జింగ్‌దెజెన్‌లో ఉన్న ఫ్రెంచి జెసూట్ ఫాదర్ దాంత్రకోల్ 1712లో రాసిన లేఖ దీనికి జవాబిస్తుంది. ఒక్క పాత్ర 70 మంది చేతుల మీదుగా నడుస్తుందని ఆయన రాశాడు. ఐరోపా నమూనాలు పనివాళ్ళకు ఎంత కష్టమో, బేరం కుదరని సరుకు స్వదేశంలో అమ్ముడుపోక ఎలా మిగిలిపోతుందో కూడా రాశాడు. ఎన్నడూ చూడని ఆకారాన్ని, రెండోసారి అమ్ముకునే వీలు లేదని తెలిసీ, వంకర పోకుండా కాల్చి తీయడం చిన్న పని కాదు. మచిలీపట్నం కలంకారీ అద్దకం పనివాళ్ళూ పర్షియా, హాలెండ్ వర్తకుల నమూనాల ప్రకారం బట్టలు అద్దారు. అంతమాత్రాన అవి తెలుగు కళ కాకుండా పోయాయని ఎవరూ అనరు. అదే న్యాయం కాంటన్ చిత్రకారుడికీ దక్కాలి.

1710లో శాక్సనీలోని మైసెన్ కార్ఖానా మొదలై ఐరోపా తన పింగాణీ తాను చేసుకుంది, ఇంగ్లండ్ చవక పాత్రలు పోటీకొచ్చాయి. 1791లో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ టోకు దిగుమతి ఆపేసింది. ఇప్పుడు మిగిలిన ప్రశ్నల్లా సేకరణదే. ఎగుమతి పాత్ర విలువ, ఎవరు అడిగితే, ఏ ఓడలో, వేటితో కలిసి వెళ్ళిందనే ఆనవాలులో ఉంటే, ఆ ఆనవాలును చెదరగొట్టే సేకరణ పాత్రను కాపాడినా దాని కథను పోగొడుతుంది. 1752లో మునిగిన డచ్చి ఓడ గెల్డర్‌మాల్సెన్ అసలు సరుకు టీ, పింగాణీ దాని తోడు. వెలికితీతదారు మైఖేల్ హాచర్ 1985లో పైకి తెచ్చిన లక్షన్నర దాకా పాత్రల్ని మరుసటి ఏడు ఆమ్‌స్టర్‌డామ్‌లో క్రిస్టీస్ సంస్థ వేలం వేసింది. ఓడ ఎలా ఉందో, ఏది ఎక్కడ పేర్చారో సరైన నమోదు లేదు. లాభం లేకపోతే ఎవరూ ఆ లోతుకు దిగరని, వలలకు చిక్కి పాత్రలు పగిలేవని వెలికితీతదారులు అంటారు. అందులో కొంత నిజముంది. బెలితుంగ్ ఓడనూ వ్యాపార సంస్థే తవ్వింది, అందుకే 2011లో అమెరికాలోని స్మిత్‌సోనియన్ దాని ప్రదర్శనను ఆపేసింది. కాని ఆ సరుకులో ఎక్కువ భాగాన్ని సింగపూర్ కలిపి కొని ఒకేచోట ఉంచింది, కాబట్టి అది ఇప్పటికీ ఒక ఓడ సరుకుగానే అర్థమవుతుంది. గెల్డర్‌మాల్సెన్ పళ్ళేలు వేల ఇళ్ళకు చెదిరిపోయాయి. వాటి అడుగున వేలం నంబరు చీటీ అతికించి ఉంటుంది. అలాంటి పళ్ళెం ఉన్నవాళ్ళు ఆ చీటీని కడిగేయకూడదు. పళ్ళెం ఏ ఓడలో వచ్చిందో చెప్పగలిగే ఆధారం ఇక అదొక్కటే.