ఇంటి చదువూ, చట్టం మాటా

ఢిల్లీలోని సరోజినీ నగర్‌ను పాతవాళ్లు ఇప్పటికీ వినయ్ నగర్ అంటారు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల క్వార్టర్ల కాలనీ ఇది. పిల్లాణ్ని బడికి పంపకపోతే చుట్టుపక్కల గుసగుసలు మొదలవుతాయి. మా ఎదురింటి అమ్మాయి ఏడేళ్ల కొడుక్కి వంటింటి గట్టు మీదే పలకా, లెక్కల పుస్తకం పెట్టింది. "కేసు పెడతారా పిన్నీ?" అని నన్నే అడిగింది.

పెట్టరు. 2002లో 86వ సవరణ రాజ్యాంగంలో 21ఎ అధికరణాన్ని చేర్చింది. దాన్ని అమలుచేసే విద్యాహక్కు చట్టం 2009లో వచ్చి, 2010 ఏప్రిల్ 1 నుంచి నడుస్తోంది. 6 నుంచి 14 ఏళ్ల పిల్లల్ని బడిలో చేర్పించడం తల్లిదండ్రుల బాధ్యతని పదో సెక్షన్ చెబుతుంది. చేర్పించకపోతే శిక్ష మాత్రం ఈ చట్టంలో ఎక్కడా లేదు. అసలు బరువు ప్రభుత్వం మీదే పెట్టారు, అది న్యాయం కూడా. బడే లేని ఊళ్లో తల్లిని దండిస్తే ఏం లాభం? అయితే ఇంటి చదువుకు స్పష్టమైన గుర్తింపూ ఇవ్వలేదు. 2012లో ఢిల్లీ హైకోర్టులో ఈ ప్రశ్న వచ్చినప్పుడు కేంద్రం ముందు సరేనని, తర్వాత మాట మార్చింది.

బడికి వెళ్లకుండా పరీక్ష కట్టడం కొత్తేమీ కాదు. మన దుర్గాబాయి దేశ్‌ముఖ్ బెనారస్ మెట్రిక్యులేషన్‌కు ప్రైవేటుగానే కట్టారు. తాను పెట్టిన ఆంధ్ర మహిళా సభలో ఎందరో ఆడపిల్లల్ని అదే పరీక్షకు తయారుచేశారు. 1948లో ఢిల్లీ తెలుగు పిల్లల కోసం ఆంధ్రా ఎడ్యుకేషన్ సొసైటీ పెట్టిందీ ఆవిడే. ఇవాళ ఆ ప్రైవేటు దారి 1989లో ఏర్పడిన జాతీయ సార్వత్రిక విద్యాసంస్థది. 14 నిండితే పదో తరగతికి కట్టొచ్చు. పుట్టినతేదీకి రుజువు తప్పనిసరి.