పిల్లల్లో ఎగ్జిమా: తామర కాదు, గజ్జి కాదు

దురదకు ఏదో ఒక మలాము పూస్తే ముప్పే
చర్మంలో తేమ నిలపడమే చికిత్సకు పునాది

పసిపిల్లల బుగ్గలు ఎర్రబారి పొలుసులు లేచినా, మోచేతి మడతల్లో చర్మం మందబారి రాత్రంతా గోక్కుంటున్నా పల్లెల్లో దానికి పెట్టే పేరు తామర. లేదంటే గజ్జి. ఆ పేరు చెప్పి మందుల దుకాణంలో అడిగితే ఓ మలాము గొట్టం చేతికి వస్తుంది. రెండు రోజుల్లో దురద తగ్గుతుంది. పూయడం మానిన కొద్ది రోజులకే మునుపటికన్నా ఉద్ధృతంగా తిరగబెడుతుంది. మళ్లీ అదే గొట్టం, మళ్లీ అదే కథ. నిజానికి ఇలాంటి పిల్లల్లో చాలామందికి ఉన్నది వైద్యులు అటోపిక్ డెర్మటైటిస్ అని పిలిచే ఎగ్జిమా. తామర, గజ్జి, ఎగ్జిమా మూడింటికీ దురద ఉంటుంది. కారణాలు మాత్రం వేరు, మందులు వేరు. పేరు తప్పితే మందూ తప్పుతుంది.

తేడా గుర్తించడం ఎలా?

తామర శిలీంధ్రం వల్ల వస్తుంది. మచ్చ గుండ్రంగా ఉండి, అంచు ఉబ్బి, మధ్యభాగం కొంత తేటపడి కనిపిస్తుంది. ఒకరి తువ్వాలు, దుస్తులు మరొకరు వాడితే అంటుకుంటుంది. గజ్జికి కారణం చర్మంలో తొలుచుకుపోయే అతి చిన్న పురుగు. వేళ్ల సందుల్లో, మణికట్టు వద్ద, బొడ్డు చుట్టూ పొక్కులు లేస్తాయి. చంటిబిడ్డలకైతే అరచేతులు, అరికాళ్లలోనూ వస్తాయి. రాత్రిళ్లు దురద పెరుగుతుంది. ఇంట్లో ఒకరి తర్వాత ఒకరు గోక్కోవడం మొదలుపెడితే గజ్జిగా అనుమానించాలి. అప్పుడు కుటుంబమంతటికీ ఒకేసారి చికిత్స చేయించాలి.

ఎగ్జిమా అంటువ్యాధి కాదు. సాధారణంగా అయిదేళ్లలోపే, చాలామందిలో ఏడాది నిండక ముందే మొదలవుతుంది. చంటిపిల్లల్లో బుగ్గలు, నుదురు, మాడు, కాళ్లు చేతుల వెలుపలి భాగాల్లో కనిపిస్తుంది. రెండేళ్లు దాటాక మోచేతి మడతలు, మోకాలి వెనుక భాగం, మెడ, మణికట్టు, చీలమండల వద్దకు చేరుతుంది. తల్లిదండ్రుల్లో ఎవరికైనా ఉబ్బసం, అలర్జీ జలుబు, ఎగ్జిమా ఉంటే బిడ్డకు వచ్చే అవకాశం ఎక్కువ. చామనఛాయ చర్మంపై ఎరుపు స్పష్టంగా కనబడదు. ముదురు గోధుమరంగు లేదా బూడిదరంగు మచ్చలుగా, చిన్నచిన్న గరుకు పొక్కులుగా ఉంటుంది. తగ్గిన చోట కొన్నాళ్లు చర్మం పాలిపోతే బొల్లి అని కంగారుపడే తల్లులూ ఉన్నారు. ఆ పాలిపోయిన రంగు క్రమంగా సర్దుకుంటుంది.

ఎందుకు వస్తుంది?

చర్మం పైపొర లోపలి తేమను కాపాడుతూ, బయటి దుమ్మును, క్రిములను అడ్డుకుంటుంది. ఈ పొర గట్టిగా ఉండటానికి ఫిలాగ్రిన్ అనే ప్రొటీను ముఖ్యం. దాన్ని తయారుచేసే జన్యువులో లోపం ఉన్నవారికి ఎగ్జిమా ముప్పు అధికమని బ్రిటన్‌లోని డండీ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తల బృందం 2006లో వెల్లడించింది. బాధితులందరిలోనూ ఈ లోపం ఉండదు. రోగనిరోధక వ్యవస్థ అతిగా స్పందించడం, పరిసరాలు కూడా కారణాలే. బీటవారిన కుండలో నీరు నిలవనట్లే ఈ పిల్లల చర్మంలో తేమ నిలవదు. చర్మం ఎండుతుంది, దురద పుడుతుంది. గోకితే పైపొర మరింత దెబ్బతిని దురద ఇంకా పెరుగుతుంది. ఈ చక్రాన్ని తెంచడమే చికిత్స లక్ష్యం.

స్నానం, లేపనం

రోజూ స్నానం చేయించవచ్చు. వేడినీళ్లు కాకుండా గోరువెచ్చని నీటితో 5 నుంచి 10 నిమిషాల్లో ముగించాలి. ఘాటైన సబ్బులు, పరిమళ ద్రవ్యాలు కలిసినవి వాడరాదు. మన ఇళ్లలో పసిపిల్లలకు శనగపిండి, పెసరపిండితో నలుగు పెట్టి రుద్దడం ఆచారం. మామూలు చర్మం దాన్ని తట్టుకున్నా, ఎగ్జిమా ఉన్న చర్మం మరింత గీసుకుపోతుంది. స్నానం తర్వాత వేసే సాంబ్రాణి పొగ కూడా ఇలాంటి బిడ్డలకు పడదు. వేపాకు, పసుపు ముద్ద పట్టిస్తే కొందరిలో మంట, దద్దు పెరుగుతాయి.

తువ్వాలుతో రుద్దకుండా అద్ది, తడి పూర్తిగా ఆరకముందే మూడు నిమిషాల్లోపు మాయిశ్చరైజర్ రాయాలి. ఖరీదైనదే కానవసరం లేదు. వాసన కలపని తెల్ల పెట్రోలియం జెల్లీ అందరికీ అందుబాటులో ఉంటుంది. ఎండాకాలంలో చెమటకు జిడ్డు చిరాకు పుట్టిస్తే క్రీము రకం వాడవచ్చు. రోజుకు కనీసం రెండుసార్లు, మచ్చలున్న చోటే కాక ఒళ్లంతా, తగ్గిన తర్వాత కూడా రాయడం మానరాదు. చాలామంది చేసే పొరపాటు చిన్న గొట్టాన్ని నెలంతా పొదుపుగా వాడటం. ఒళ్లంతా రాయాలంటే చిన్నపిల్లలకు సైతం వారానికి 100 గ్రాములకు పైగా అవసరమవుతుంది.

నూనెల్లో వర్జిన్ కొబ్బరినూనెకు కొంత ఆధారం ఉంది. ఫిలిప్పీన్స్‌లో పిల్లలపై జరిపి 2014లో ప్రచురించిన అధ్యయనంలో అది మినరల్ ఆయిల్ కన్నా మెరుగైన ఫలితమిచ్చింది. ఆవనూనె, ఆలివ్ నూనె మాత్రం పైపొరకు హాని చేయవచ్చని పరిశోధనలు సూచిస్తున్నాయి.

స్టీరాయిడ్: దివ్యౌషధమూ కాదు, విషమూ కాదు

దద్దు ముదిరినప్పుడు స్టీరాయిడ్ పూతమందు తప్పనిసరి. బిడ్డ వయసు, మచ్చ ఉన్న చోటును బట్టి తీవ్రత తక్కువ మందును, ఎన్ని రోజులు వాడాలో చెప్పి వైద్యులు రాస్తారు. ముఖానికి తరచుగా హైడ్రోకార్టిజోన్ వంటి తేలికపాటి రకాన్ని సూచిస్తారు. కొలతకు ఒక సులువు ఉంది. పెద్దల చూపుడువేలి చివరి కణుపు పొడవునా పిండిన మందు సుమారు అర గ్రాము. అది పెద్దవారి రెండు అరచేతులంత మేరకు సరిపోతుంది. రెండేళ్లు దాటిన పిల్లలకు స్టీరాయిడ్ లేని టాక్రోలిమస్ 0.03 శాతం లేపనాన్ని కూడా కొన్ని సందర్భాల్లో వైద్యులు రాస్తారు.

ప్రమాదమంతా చీటీ లేకుండా కొనే మిశ్రమ మలాములతోనే. వీటిలో క్లోబెటసాల్, బీటామెథసోన్ వంటి తీవ్రమైన స్టీరాయిడ్‌తో పాటు శిలీంధ్ర నాశని, యాంటీబయాటిక్ కలిపి ఉంటాయి. నెలల తరబడి పూస్తే చర్మం పలచబడి చారలు పడుతుంది. చంటిపిల్లల్లో మందు ఒంట్లోకి ఇంకి ఎదుగుదలను దెబ్బతీసే ప్రమాదమూ ఉంది. ఉన్నది తామర అయితే రూపు మారి, వైద్యులు సైతం గుర్తించలేనంతగా పాకుతుంది. ఈ దుర్వినియోగాన్ని అరికట్టేందుకు కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ 2018 మార్చిలో 14 రకాల స్టీరాయిడ్ పూతమందులను షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. వీటిని వైద్యుని చీటీ లేకుండా అమ్మరాదు.

స్టీరాయిడ్ పేరు వినగానే భయపడి, వైద్యులు రాసిన మందును మధ్యలోనే ఆపేయడమూ నష్టమే. దద్దు తగ్గక, నిద్ర లేక బిడ్డ నీరసించిపోతుంది. ఒకసారి వేసిన సూదితో చర్మం తేటపడిందని మురిసిపోవడమూ సరికాదు. స్టీరాయిడ్ సూదులు, మాత్రల ప్రభావం తీరగానే వ్యాధి మరింత తీవ్రంగా తిరగబెట్టవచ్చు.

పథ్యం పేరిట పస్తులొద్దు

ఒంటిపై దద్దు కనిపించగానే గుడ్డు, పాలు, చేప, వంకాయ, వేరుశనగ మాన్పించడం పెద్దల అలవాటు. ఎగ్జిమా తీవ్రంగా ఉన్న చిన్నపిల్లల్లో కొందరికి మాత్రమే ఆహార అలర్జీ తోడవుతుంది. ఏదైనా తిన్న కొద్దిసేపటికే పెదాలు వాచడం, ఒళ్లంతా దద్దుర్లు లేవడం, వాంతులు కావడం గమనిస్తే వైద్యునికి చెప్పాలి. అలాంటివేవీ లేకుండా పాలు, గుడ్లు మాన్పిస్తే చర్మం బాగుపడకపోగా బిడ్డ బలహీనపడుతుంది. తల్లిపాలు ఆపవలసిన పని లేదు. ఎగ్జిమా ఉందని టీకాలు వాయిదా వేయరాదు.

వదులైన నూలు దుస్తులు వేయాలి. ఉన్ని, నైలాన్ నేరుగా ఒంటికి తగలనీయరాదు. గోళ్లు పొట్టిగా కత్తిరించాలి. చెమట పట్టినప్పుడు కడిగి తుడిచి, మాయిశ్చరైజర్ రాయాలి. ఇంట్లో బీడీ, సిగరెట్ పొగకు తావివ్వరాదు.

వెంటనే వైద్యుని వద్దకు వెళ్లవలసినప్పుడు

చర్మం నుంచి రసి కారినా, పసుపురంగు పక్కులు కట్టినా, చీము, జ్వరం ఉన్నా సూక్ష్మక్రిమి సోకినట్లు భావించాలి. ఒకే తీరు చిన్న నీటిపొక్కులు గుంపులుగా లేచి, చితికి, గుంటలుపడి, నొప్పి, జ్వరం వస్తే అది హెర్పిస్ వైరస్ కావచ్చు. ఇది అత్యవసరం, అదే రోజు ఆసుపత్రికి చేర్చాలి. కంటి చుట్టూ ఉంటే మరింత జాగ్రత్త వహించాలి. బిడ్డకు వరుసగా నిద్ర పట్టకపోయినా, రెండు వారాల్లో మార్పు లేకపోయినా నిపుణునికి చూపించాలి.

జిల్లా ఆసుపత్రులు, ప్రభుత్వ బోధనాసుపత్రుల్లో చర్మవ్యాధుల విభాగాలు ఉంటాయి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీలకు, ప్రభుత్వ పాఠశాలలకు వచ్చే వైద్య బృందాలు పరీక్షించే జబ్బుల జాబితాలో గజ్జి, శిలీంధ్ర వ్యాధులతో పాటు ఎగ్జిమా కూడా ఉంది. బృందం వచ్చిన రోజున బిడ్డను తప్పక చూపించాలి. వెళ్లేటప్పుడు అంతవరకు వాడిన గొట్టాలన్నీ వెంట తీసుకెళితే ఏ మందు పడిందో వైద్యునికి తెలుస్తుంది.

ఎగ్జిమాను ఒక్క మందుతో పూర్తిగా రూపుమాపలేం. అయితే ఎక్కువమంది పిల్లల్లో వయసు పెరిగేకొద్దీ నెమ్మదిస్తుంది. అంతవరకు కావలసింది రోజూ రెండు పూటలా రాసే లేపనం, కాస్త ఓపిక. తోటి పిల్లలు అంటుకుంటుందని దూరం పెట్టకుండా ఉపాధ్యాయులు, ఇరుగుపొరుగు చూడగలిగితే ఆ పసిమనసుకు సగం ఊరట లభిస్తుంది.