అనుబంధం
‘బంధం’ ముందు ‘అను’ అనే ఉపసర్గ చేరిన సంస్కృత పదం ఇది. వెంట కట్టుకుని ఉన్నదని అర్థం. తెలుగులో మమకారమైంది, పుస్తకం చివరి చేర్పు అయింది, పత్రికల ఆదివారం సంచికా అయింది. కళాశాలల దగ్గర మాత్రం మమకారం తక్కువ, పరిపాలన ఎక్కువ. నెల్లూరు జిల్లాలోని డిగ్రీ కళాశాలలు తిరుపతి శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయానికి అనుబంధంగా ఉండేవి. 2008లో విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం ఏర్పడ్డాక దాని కిందికి వచ్చాయి. పరీక్షలతో పాటు ఆటలూ మారాయి: అంతర కళాశాలల పోటీల్లో ప్రత్యర్థులు, వాటి నుంచి ఎంపికయ్యే జట్టు వేరయ్యాయి. అమెరికాలో మాత్రం విశ్వవిద్యాలయాల ఆటల కూటమికి పట్టాలతో సంబంధం లేదు. పసిఫిక్ తీరపు స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం 2024లో అట్లాంటిక్ తీర కూటమిలో చేరింది, వింతే. మన దేశంలో పట్టా ఇచ్చే విశ్వవిద్యాలయం తరఫునే విద్యార్థి అంతర విశ్వవిద్యాలయ పోటీల్లో ఆడతాడు.