'మచ్చుతునక': చరిత్ర రచనలో ఒక పదప్రయోగం – జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ఆధారంగా

కీలక పదాలు: మచ్చుతునక, ఆదర్శం, స్థాలీపులాక న్యాయం, జైత్రయాత్ర, కల్లోలిత ప్రాంతం.

1. ఉపోద్ఘాతం

ఒక సంఘటనను ఒక కాలానికో, ప్రాంతానికో సరైన ఉదాహరణగా చూపదలచినప్పుడు తెలుగు చరిత్ర వ్యాసాలలో 'మచ్చుతునక' అనే పదం తరచుగా కనిపిస్తుంది. ఆ పదం చరిత్రకారునిపై మోపే బాధ్యతను ఉత్తర తెలంగాణలోని మూడు పట్టణాల ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం.

2. పదార్థ వివేచన

'మచ్చు' అంటే నమూనా, 'తునక' అంటే ముక్క. మొత్తం సరుకు గుణాన్ని తెలపడానికి తీసి చూపే ముక్క కనుక దానికీ మొత్తానికీ గుణభేదం ఉండరాదు. 'ఆదర్శం' అనే పదానికి సంస్కృతంలో అద్దం అనే అర్థం ఉన్నా, నేటి తెలుగులో అది అనుసరింపదగిన మేలైన దానిని సూచిస్తుంది. మచ్చుతునక సామాన్యాన్ని తెలిపితే, ఆదర్శం విశిష్టతను తెలుపుతుంది. ఒక్క మెతుకు పట్టి అన్నం ఉడికినదీ లేనిదీ తెలుసుకొనే స్థాలీపులాక న్యాయమే మచ్చుతునకకు ఆధారం. మెతుకులన్నీ ఒకే కుండలో ఉడికినప్పుడే ఆ న్యాయం చెల్లుతుంది.

3. మూడు పట్టణాలు

1978 సెప్టెంబరులో జగిత్యాలలో రైతుకూలీలు జరిపిన భారీ ప్రదర్శన 'జైత్రయాత్ర'గా ప్రసిద్ధి పొందింది. వెట్టిచాకిరి, కూలి రేట్లు, దొరల అధీనంలోని భూములు దాని నేపథ్యం. ఆ అక్టోబరులోనే ప్రభుత్వం జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. ఉద్యమ పక్షానికి జగిత్యాల ప్రజాచైతన్యానికి మచ్చుతునక. పాలకులకు అదే శాంతిభద్రతల భంగానికి మచ్చుతునక. తునక ఒక్కటే, ఇరుపక్షాలూ ఊహించిన 'మొత్తం' వేరు.

ప్రకటన రెండు తాలూకాలను ఒకే పేరు కిందికి తెచ్చినా, సిరిసిల్ల పట్టణ చరిత్ర మగ్గం చుట్టూ అల్లుకున్నది. మరమగ్గాల కార్మికుల కూలి, అప్పులు, తరువాతి దశాబ్దాలలోని ఆత్మహత్యలు పల్లెల భూసమస్యలో ఇమడవు. కోరుట్లలో ఇంటిపట్టున బీడీలు చుట్టే స్త్రీల శ్రమకు వెయ్యి బీడీల లెక్కన కూలి కడతారు. ఊరేగింపులో కనిపించని ఈ శ్రమను జగిత్యాల మెతుకు పట్టి తెలుసుకోలేము.

4. ముగింపు

జైత్రయాత్రను ఉత్తర తెలంగాణకు మచ్చుతునక అన్నప్పుడు నేతకార్మికుడు, బీడీ కార్మికురాలు ఆ మొత్తంలో నుంచి జారిపోతారు. భూపోరాటాలకు మచ్చుతునక అన్నప్పుడు ఆ పదం చాలావరకు నిలుస్తుంది. కాబట్టి ఈ పదాన్ని వాడే పరిశోధకుడు అది దేనిలోని తునకో, ఎవరు కోసి చూపినదో ముందుగా చెప్పవలసి ఉంటుంది.