పాంపేయి

ఇటలీ దేశమున నేపుల్స్ నగరమునకు ఆగ్నేయముగా, వెసూవియస్ అగ్నిపర్వత పాదమున నున్న ఈ ప్రాచీన రోమక నగరము, క్రీ. శ. 79 లో ఆ పర్వతము బ్రద్దలై క్రక్కిన బూడిదయు నురుగురాళ్లును ముంచివేయగా, 1748 లో త్రవ్వకములు ఆరంభమగు వరకు భూగర్భముననే యుండిపోయెను. రాతిపలకలు పరచిన వీధులలో బండిచక్రములు ఒరసి యేర్పడిన గాడులును, మురికినీరు పాదములకు అంటకుండ దాటుటకై నడుమ అమర్చిన ఎత్తైన రాళ్లును యాత్రికుడు నేటికిని చూడవచ్చును. మృతదేహములు శిథిలమై బూడిదలో మిగిల్చిన గుల్లలలో పురావస్తు శాస్త్రజ్ఞుడు ఫియొరెల్లి 1863 లో ప్లాస్టరు పోయించి రూపొందించిన ప్రతిమలు, చేతులతో ముఖము కప్పుకొన్నవానిని సైతము యథాతథముగా చూపును. దేవాలయ స్తంభములకన్న ఇవియే చూపరిని చిరకాలము వెన్నాడును. భారతీయులకు విశేషాసక్తి గొలుపునది 1938 లో ఇచట లభించిన దంతపు స్త్రీమూర్తి. మన దేశమున చెక్కబడిన ఆ విగ్రహమును చూడగోరువారు పాంపేయిలో గాక నేపుల్స్ జాతీయ పురావస్తు ప్రదర్శనశాలలో వెదకవలెను.